బుద్గాం లెక్క ఎవరు చెప్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

ముందే చెప్పేస్తున్నా, ఉత్తరం పొడుగు. కత్తిరించుకుంటే మీ ఇష్టం గానీ మధ్యలో ఉన్న తేదీలు మాత్రం తీసేయకండి. నా గొడవంతా ఆ తేదీల గురించే, కశ్మీర్‌లోని బుద్గాంలో మన క్షిపణి మన హెలికాప్టర్‌నే కొట్టిన సంగతి మనకు ఎన్నాళ్ళకు చెప్పారన్నదాని గురించే.

నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉండేది హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో. కంచన్‌బాగ్ మాకు దగ్గరే కాబట్టి మా వీధిలో డీఆర్‌డీఎల్ అనో బీడీఎల్ అనో మిధాని అనో ఏదో ఒక రక్షణ సంస్థలో పనిచేసి పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పొద్దున పార్కులో నడుస్తూ మోకాళ్ళ నొప్పుల గురించి, షుగర్ గురించి, అమెరికాలో మనవళ్ళ గురించి ఎంతసేపైనా మాట్లాడతారు గానీ క్షిపణుల ఊసు మాత్రం ఎత్తరు. తెలిసినవాళ్ళ పద్ధతి అది. తెలియనివాళ్ళ సంగతి వేరు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ నాలుగు రోజులూ టీవీ స్టూడియోల్లో కూర్చుని కరాచీ ఓడరేవును తగలబెట్టేసిన ఉత్తరకుమారులందరినీ మనం చూశాం.

ఈ ఉత్తరానికి కారణం మా వియ్యంకుడు గారు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు, మంచి మనిషి, పైసా తేడా వస్తే రాత్రి పదింటి దాకా బ్రాంచిలో కూర్చుని తేల్చుకుని గానీ ఇంటికి వెళ్ళేవారు కాదట. మొన్న మనవరాలి అన్నప్రాసన భోజనాల దగ్గర మాట ఎస్-400 మీదికి, అంటే పై నుంచి వచ్చేవాటిని కూల్చడానికి రష్యా దగ్గర కొన్న వ్యవస్థ మీదికి వెళ్ళింది. అందరూ మెచ్చుకుంటున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆ ఊపులో నోరు జారి, "బుద్గాంలో మన క్షిపణి మన హెలికాప్టర్‌నే కొట్టింది కదా బావగారూ, ఆ సంగతి కూడా ఒకసారి పూర్తిగా చెప్తే బాగుండేది" అన్నాను. ఆయన విస్తరిలో చెయ్యి ఆపేసి, "అంటే మీరు సైన్యాన్ని అనుమానిస్తున్నారా?" అన్నారు. పైసా తేడాకి పదింటి దాకా కూర్చున్న మనిషి! మా ఆవిడ మధ్యలో వచ్చి పెరుగు వడ్డించేసింది కాబట్టి అక్కడితో ఆగింది. చెప్పాల్సింది మాత్రం నాలోనే ఉండిపోయింది. అది ఇదిగో.

2019 ఫిబ్రవరి 27 పొద్దున. బాలాకోట్ దాడి జరిగిన మర్నాడు. నౌషేరా వైపు ఆకాశంలో మన విమానాలకీ పాకిస్తాన్ విమానాలకీ పోరు జరుగుతోంది. అభినందన్ గారి మిగ్-21 కూలింది ఆ పొద్దునే. ఆయన మీసం దేశానికంతటికీ గుర్తుంది, ఆ తర్వాత మా వీధి సెలూన్లో కుర్రాళ్ళు అదే కట్ చేయించుకున్నారు. అదే పొద్దున, దాదాపు అదే సమయానికి, శ్రీనగర్‌లో లేచిన మన వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ ఒకటి పక్కనే ఉన్న బుద్గాంలో కూలిపోయింది. అందులో ఉన్న ఆరుగురు వాయుసేన మనుషులూ చనిపోయారు. కింద నేల మీద ఉన్న ఒక కశ్మీరీ పౌరుడు కూడా చనిపోయాడు. మొత్తం ఏడుగురు. మొదట్లో సాంకేతిక లోపం అన్నట్టుగా వార్తలొచ్చాయి. దాన్ని కొట్టింది శ్రీనగర్ స్థావరం నుంచి మనవాళ్ళే వదిలిన క్షిపణి, ఇజ్రాయెల్ నుంచి కొన్న స్పైడర్ అనే వ్యవస్థలోది. ఎగురుతున్నది మనవాడా, పగవాడా అని రేడియో సంకేతంతో తెలుసుకునే ఏర్పాటు ఒకటుంటుంది, ఐఎఫ్‌ఎఫ్ అంటారు. ఆ రోజు అది ఆపేసి ఉందని తర్వాత పత్రికల్లో వచ్చింది.

ఈ సంగతి వాయుసేన అధిపతి నోటి వెంట బాహాటంగా వచ్చింది ఎప్పుడు? 2019 అక్టోబర్ 4న. అప్పుడే బాధ్యతలు తీసుకున్న ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా గారు, అది మన క్షిపణేననీ పెద్ద పొరపాటు జరిగిందనీ ఒప్పుకున్నారు. ఆయన్ని నేను ఈ విషయంలో గౌరవిస్తాను, తన హయాంలో జరగని తప్పును తన నోటితో చెప్పారు. కానీ ఫిబ్రవరి 27కీ అక్టోబర్ 4కీ మధ్య ఏడు నెలలు దాటింది. ఆ మధ్యలో ఒక లోక్‌సభ ఎన్నిక జరిగి, ఫలితాలొచ్చి, కొత్త ప్రభుత్వం కూడా కుదురుకుంది.

ఇప్పుడు రెండో తేదీ చూడండి. 2022 మార్చి 9. మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున లేచిపోయి, సరిహద్దు దాటి వంద కిలోమీటర్లకు పైగా లోపలికి పోయి, పాకిస్తాన్ పంజాబ్‌లోని మియాన్ చన్ను అనే ఊరి దగ్గర పడింది. దేవుడి దయ, ఎవరూ చావలేదు. అందులోని పేలుడు భాగం, అంటే వార్‌హెడ్, పేలలేదు. ప్రయాణికుల విమానాలు తిరిగే ఎత్తులో పోయింది అది. మర్నాడు సాయంత్రం పాకిస్తాన్ సైన్యం ప్రెస్‌మీట్ పెట్టింది. 11వ తేదీన మన రక్షణ శాఖ, మామూలు మెయింటెనెన్స్ చేస్తుండగా సాంకేతిక లోపం వల్ల జరిగిందని ఒప్పుకుని విచారం తెలిపింది. 15న రాజ్‌నాథ్ సింగ్ గారు పార్లమెంటులో ప్రకటన చేశారు. ఆగస్టు 23కల్లా ముగ్గురు అధికారులను ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ తర్వాత ఢిల్లీ హైకోర్టులో ప్రభుత్వమే, ఖజానాకు 24 కోట్లు నష్టమైందని కూడా చెప్పింది.

పొరుగింటి పెరట్లో పడితే రెండు రోజుల్లో సంజాయిషీ, అయిదున్నర నెలల్లో ఉద్యోగాలు పోయాయి. మన ఇంట్లోనే పడి మనవాళ్ళు ఏడుగురు పోతే ఒప్పుకోలుకే ఏడు నెలలు. బుద్గాం కేసులో అయిదుగురు అధికారులది తప్పని విచారణలో తేలిందన్నారు, 2023లో కోర్ట్ మార్షల్ ఒక గ్రూప్ కెప్టెన్‌ను తొలగించాలని సిఫారసు చేసిందని చదివాం, మధ్యలో వ్యవహారం కోర్టు మెట్లు కూడా ఎక్కింది. అప్పటికి నాలుగేళ్ళు.

వియ్యంకుడు గారు ఏమంటారో నాకు తెలుసు. బ్రహ్మోస్ అంటే శాంతి సమయంలో జరిగిన పొరపాటు మాస్టారూ, బుద్గాం యుద్ధం మధ్యలో జరిగింది, విచారణకి టైం పట్టదా అంటారు. పడుతుంది, ఎవరిది తప్పు అని తేల్చడానికి పడుతుంది. కానీ పేల్చింది ఎవరు అనేది తేలడానికి అంత పట్టదని నా మోటు బుద్ధికి అనిపిస్తుంది. పొద్దున లాంచర్ మీద ఎన్ని ఉన్నాయి, సాయంత్రానికి ఎన్ని మిగిలాయి, ఇది మూడో తరగతి తీసివేత. బ్రహ్మోస్ అప్పుడు తొందరగా చెప్పాల్సి రావడానికి కారణం అవతల అణ్వాయుధాలున్న దేశం కూర్చుని సమాధానం అడగడం. బుద్గాం అప్పుడు అడగాల్సింది మనం. మనం అడగలేదు.

ఇంకొకటి. సిందూర్‌లో మన విమానాలు కొన్ని కూలాయన్న సంగతి మనకు ఎలా తెలిసింది? 2025 మే 31న అప్పటి త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ గారు సింగపూర్‌లో ఒక విదేశీ టీవీకి ఇంటర్వ్యూ ఇస్తూ చెప్తే తెలిసింది. విమానం కూలడం ముఖ్యం కాదు, ఎందుకు కూలింది అన్నదే ముఖ్యం, తప్పు కనుక్కుని రెండు రోజుల్లో సరిదిద్దుకున్నాం అన్నట్టుగా మాట్లాడారు. సైనికుడు మాట్లాడాల్సిన మాటే అది, ఆయన్ని ఒక్క ముక్క అనను. ఎన్ని కూలాయో చెప్పలేదు, ఆరు అని పాకిస్తాన్ చెప్పుకున్నది మాత్రం అబద్ధమన్నారు. సరే. ఆ తర్వాత ఆగస్టు 9న బెంగళూరులో ఎయిర్ చీఫ్ మార్షల్ ఏపీ సింగ్ గారు, మనం అయిదు యుద్ధ విమానాలనూ ఒక పెద్ద విమానాన్నీ కూల్చామనీ, ఆ పెద్దదాన్ని దాదాపు 300 కిలోమీటర్ల దూరం నుంచి కొట్టామనీ ప్రకటించారు. పాకిస్తాన్ కాదంది. అదీ సరే. నేను చూసేది ఎవరి అంకె నిజమని కాదు. నష్టం సంగతి సింగపూర్‌లో పరాయివాళ్ళ టీవీకి, లాభం సంగతి బెంగళూరులో మనకి. బావగారూ, మీ బ్రాంచిలో ఎవరైనా క్యాషియర్ జమలు మీకు చూపించి ఖర్చులు పక్క బ్యాంకువాడికి చూపిస్తే ఊరుకునేవారా?

లెక్క చెప్తే సైన్యం పరువు పోతుందనేవాళ్ళకి మన చరిత్రలోంచే ఒకటి గుర్తుచేస్తాను. కార్గిల్ యుద్ధం 1999 జూలై 26న ముగిసింది. సరిగ్గా మూడు రోజులకే, 29న, వాజ్‌పేయి గారి ప్రభుత్వం కె.సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన కమిటీ వేసింది. చొరబాటుదార్లు కొండెక్కి కూర్చునేదాకా మనకెందుకు తెలియలేదు అన్నదే ప్రశ్న. 2000 ఫిబ్రవరిలో ఆ నివేదికను పార్లమెంటు ముందు పెట్టారు, రహస్యంగా ఉంచాల్సినవి తీసేసి మిగతాది జనానికి ఇచ్చారు. దేశం ఏమైనా కూలిపోయిందా? నిఘా వ్యవస్థలు, రక్షణ శాఖ ఏర్పాట్లు ఆ నివేదిక వల్లే ఎంతో మారాయి. దీనికి ఎదురుగా 1962 చైనా యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదిక ఉంది, అరవై ఏళ్ళు దాటినా ఇంకా బీరువాలోనే. దాన్ని దాచడంలో ఏ పార్టీకీ తేడా లేదు లెండి. అధికారంలో ఉన్నప్పుడు దాచడం, ప్రతిపక్షంలోకి రాగానే బయటపెట్టాలనడం.

బయటి దేశాల సంగతి కూడా కొంచెం చెప్పాలి. అక్కడేదో సత్యహరిశ్చంద్రులు ఉన్నారని కాదు. 1988 జూలై 3న అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, పర్షియన్ గల్ఫ్‌లో ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని ఎఫ్-14 యుద్ధ విమానం అనుకుని కూల్చేసింది. 290 మంది పోయారు, అందులో 66 మంది పిల్లలు. పది మంది భారతీయులు కూడా ఉన్నారు, ఈ మాట మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆ ఓడ కెప్టెన్‌కు తర్వాత పతకం ఇచ్చారు. క్షమాపణ చెప్పలేదు గానీ 1996లో 6 కోట్ల 18 లక్షల డాలర్లు పరిహారం ఇచ్చారు. అయితే వాళ్ళ నౌకాదళం విచారణ జరిపి నివేదిక బయటపెట్టింది కాబట్టి ఒక విచిత్రమైన విషయం ప్రపంచానికి తెలిసింది. ఓడలోని కంప్యూటర్ సరిగ్గానే చెప్పింది, విమానం పైకి ఎక్కుతోందని. టెన్షన్‌లో ఉన్న మనుషులే అది తమ మీదికి దిగుతోందని ఒకరికొకరు చెప్పుకుని నమ్మేశారు. కోట్ల డాలర్ల యంత్రం నిజం చెప్తుంటే పక్కనున్న మనిషి అరుపు గెలిచింది.

ఇరాన్ కూడా తక్కువ తినలేదు. 2020 జనవరి 8న టెహ్రాన్‌లో లేచిన ఉక్రెయిన్ విమానాన్ని వాళ్ళ సొంత రక్షణ దళమే కూల్చింది, 176 మంది. మూడు రోజులు సాంకేతిక లోపం అని బుకాయించి 11న ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక టెహ్రాన్ వీధుల్లో విద్యార్థులు అరిచింది అమెరికా మీద కాదు, తమకు అబద్ధం చెప్పిన తమవాళ్ళ మీద.

లెక్కల మాస్టారిని కాబట్టి నాకు బాగా ఇష్టమైన, అంటే ఇష్టం అనకూడదు, మనసులో నాటుకుపోయిన ఉదాహరణ ఇంకోటుంది. తొమ్మిది, పదో తరగతి పిల్లలకి చాలాసార్లు చెప్పాను. 1991 గల్ఫ్ యుద్ధంలో, ఫిబ్రవరి 25 రాత్రి, సౌదీలోని ధహ్రాన్‌లో ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి ఒకటి అమెరికా సైనికుల బ్యారక్ మీద పడి 28 మంది చనిపోయారు. అక్కడ వచ్చే క్షిపణుల్ని గాల్లోనే కూల్చే పేట్రియట్ రక్షణ వ్యవస్థ ఉంది, పనిచేస్తూనే ఉంది, అయినా ఒక్క క్షిపణి కూడా వదల్లేదు. ఎందుకని? అది కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెడుతుంది. మనకి మూడింట ఒకటిని దశాంశంలో రాస్తే 0.333 అంటూ ఎక్కడా ఆగదు కదా, అలాగే కంప్యూటర్ రాసే ద్విసంఖ్యామానంలో పదో వంతు ఎక్కడా ఆగదు. 24 బిట్ల దగ్గర కత్తిరించేశారు. ఆ కత్తిరింపులో పోయింది సెకనులో కోటో వంతు లాంటిది, చిల్లర కూడా కాదు. కానీ యంత్రాన్ని ఆపకుండా వంద గంటలు నడిపేసరికి ఆ చిల్లర పోగై సెకనులో మూడో వంతు అయింది. మూడో వంతు సెకనులో స్కడ్ అర కిలోమీటరు పైన పోతుంది. రాడార్ చూడాల్సినచోట కాకుండా ఇంకోచోట చూసింది, అక్కడ ఏమీ కనపడలేదు, ఏమీ లేదనుకుంది. ఇంకా బాధేమిటంటే, ఎక్కువసేపు నడిపితే గురి తప్పుతోందని ఇజ్రాయెల్‌వాళ్ళు రెండు వారాల ముందే చెప్పారు. దిద్దిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కు చేరింది 26న. ఒక్క రోజు ఆలస్యం.

ఈ సంగతంతా సంతోష్‌నగర్‌లో ఉన్న నాకెలా తెలిసింది? అమెరికా పార్లమెంటు కింద పనిచేసే ఆడిట్ సంస్థ విచారించి, మరుసటి ఏడాదే నివేదిక అచ్చేసి అందరికీ ఇచ్చింది కాబట్టి. అదే సంస్థ ఇంకోటి కూడా చేసింది. యుద్ధం జరుగుతుండగా వాళ్ళ అధ్యక్షుడు పెద్ద బుష్, పేట్రియట్ తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్ళి, 42 స్కడ్‌లు ఎదురైతే 41ని ఆపేశామని గొప్పగా చెప్పాడు. ఆడిట్‌వాళ్ళు కాగితాలన్నీ తిరగేసి, వార్‌హెడ్‌ను నిజంగా ధ్వంసం చేసిందనడానికి గట్టి ఆధారం ఉన్నవి నూటికి తొమ్మిదే అని తేల్చారు. మిగతావన్నీ తప్పాయని కాదు, గట్టి సాక్ష్యం లేదని. 41 ఎక్కడ, 9 శాతం ఎక్కడ? తర్వాత వచ్చిన పేట్రియట్‌లు అంతకంటే చాలా మేలు అన్నది కూడా నిజం.

మనకి ఆడిట్ లేదా? ఉంది, బంగారం లాంటిది ఉంది. 2017లో కాగ్ నివేదిక ఆకాశ్ క్షిపణి గురించి ఏం చెప్పిందో ఎంతమందికి గుర్తుంది? 2014 ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా 20 క్షిపణులను పరీక్షిస్తే 6 తప్పాయని, అంటే నూటికి 30 ఫెయిల్ అని రాసింది. కొన్ని లక్ష్యం దాకా పోలేదు, కొన్నింటికి ఉండాల్సిన వేగం లేదు. ఆకాశ్ అంటే మా ఊరి బిడ్డ, 1983లో కలాం గారి నాయకత్వంలో ఇక్కడ మొదలైన కార్యక్రమంలో పుట్టింది, బీడీఎల్‌లో తయారవుతుంది. ఆ ఏడాది ఆ వార్త చదివి మా వీధిలో కొందరు ముఖం మాడ్చుకున్నారు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి అదే ఆకాశ్ సిందూర్‌లో శభాష్ అనిపించుకుంది. ఆ రంగంలోనే పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ని పార్కులో అడిగాను, అంత ఫెయిలైన సరుకు ఎలా బాగుపడింది సార్ అని. చాలాసేపు నడిచాక అన్నాడు, "ఫెయిలైతే ముక్కలేరుకొచ్చి వారాల తరబడి చూస్తాం మాస్టారూ, పాసైనదాన్ని ఎవరు చూస్తారు?" అంతే, ఆ తర్వాత మళ్ళీ మోకాళ్ళ నొప్పుల్లోకి వెళ్ళిపోయాడు.

ఆ కాగ్ రిపోర్ట్ ఈ రోజు వచ్చి ఉంటే, దాన్ని రాసినవాళ్ళను ఏమనేవాళ్ళో ఊహించుకోండి.

రక్షణ కవచం అనే మాట వల్ల కూడా గొడవొస్తోంది. కవచం అంటే కర్ణుడిది, ఏదీ దిగదు. నిజానికిది గొడుగు, పైగా జోరువానలో గొడుగు. బ్లాక్‌బోర్డు మీద వేసి చూద్దాం. మన క్షిపణి ఒక్కోటి నూటికి 90 సార్లు గురి కొడుతుందనుకోండి, ఇది నేను లెక్క కోసం వేసుకున్న అంకె, అసలు అంకె నాకెవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. వచ్చే ఒక్కోదాని మీదికి రెండేసి వదిలితే 99 అవుతుంది. క్లాస్ ఫస్ట్ మార్కు. కానీ ఒకటి కాదు, వంద వచ్చాయనుకోండి. వందనీ ఆపగలిగే అవకాశం కావాలంటే 0.99ని దానితోనే వందసార్లు గుణించాలి. నూటికి 37 కూడా రాదు. అంటే ఒక్కటైనా లోపలికి దిగే అవకాశమే ఎక్కువ, ఆ ఒక్కటి ఎవరి ఇంటి మీదో పడుతుంది. అదీ ఒకదాని తప్పుకీ ఇంకోదాని తప్పుకీ సంబంధం లేదనుకుంటేనే ఈ లెక్క. ధహ్రాన్‌లో లాగా గడియారమే తప్పితే రెండు కాదు, ఇరవై ఉన్నా ఒకటే.

2025 జూన్‌లో ఇజ్రాయెల్‌లో చూశాం కదా. ప్రపంచంలో అన్ని పొరల రక్షణ ఉన్న ఇంకో చిన్న దేశం లేదు, అమెరికా కూడా పక్కన నిలబడింది, అయినా ఇరాన్ క్షిపణులు బాత్ యామ్‌లో ఇళ్ళ మీద, బీర్‌షెబాలో ఆసుపత్రి మీద పడ్డాయి. అక్కడ ముసలివాళ్ళను చూసుకునే పనికి వెళ్ళిన మన తెలుగువాళ్ళు కూడా షెల్టర్లలోనే రాత్రులు గడిపారు. వాళ్ళ వ్యవస్థ చెత్తదని కాదు. చాలావాటిని ఆపింది. అన్నిటినీ ఆపడం అనేది లేదు.

మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. పై నుంచి వచ్చే క్షిపణికీ డ్రోన్‌కీ గొడుగు పట్టొచ్చు, సరిహద్దు అవతల నుంచి వచ్చే ఫిరంగి గుండ్లకి ఏ ఎస్-400 అడ్డం వస్తుంది? సిందూర్ రోజుల్లో పూంచ్‌లో పౌరులు ఎక్కువగా చనిపోయింది ఆ గుండ్లకే. మన సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం తండా నుంచి వెళ్ళిన అగ్నివీర్ కుర్రాడు నేలకొరిగింది కూడా సరిహద్దు కాల్పుల్లోనే. టీవీలో గొడుగు బొమ్మ చూపించిన యాంకర్లు పూంచ్‌లో బంకర్లు ఎన్ని ఉన్నాయో అడగలేదు.

విదేశాంగ విధానం అని పెద్ద పేరు పెడతాం గానీ అది ఈ గొడుగు పనిలోనే ఉంది. గొడుగు మనది, కాడ రష్యాది, ఊచలు కొన్ని ఇజ్రాయెల్‌వి, బట్ట మనం నేసుకున్నది. 2018 అక్టోబర్‌లో రష్యాతో 543 కోట్ల డాలర్లకి అయిదు ఎస్-400 స్క్వాడ్రన్‌లకు ఒప్పందం చేసుకున్నాం. ఉక్రెయిన్ యుద్ధం వచ్చిపడింది, మూడు వచ్చాయి, మిగతా రెండూ ఏళ్ళ తరబడి వెనకబడ్డాయి. ఇదే ఎస్-400 కొన్నందుకు టర్కీని అమెరికా ఎఫ్-35 యుద్ధ విమానాల కార్యక్రమంలోంచి గెంటేసింది, 2020లో ఆంక్షలు పెట్టింది. మన మీద పెట్టలేదు. మనవాళ్ళు నేర్పుగా నెట్టుకొచ్చారు, ఆ మెప్పు ఇవ్వాల్సిందే. కానీ 2025లో ట్రంప్ మన మీద సుంకాలు మొదలుపెట్టినప్పుడు రష్యా చమురుతో పాటు రష్యా ఆయుధాల మాట కూడా ఎత్తాడు. ఆగస్టు నెలాఖరుకి 50 శాతమైంది. మా బావమరిదికి భీమవరం దగ్గర అమెరికాకు పోయే రొయ్యలు పెంచే చెరువులు రెండున్నాయి. కౌంట్ రేటు ఎంత పడిందో చెప్తూ అతను ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. రష్యా దగ్గర కొనొద్దని నేను అనట్లేదు, అది చెప్పేంత పరిజ్ఞానం నాకు లేదు. ఢిల్లీలో చేసే ఒక సంతకానికి ఎవరెవరు ఎంతెంత కడుతున్నారో లెక్క వేసేటప్పుడు రొయ్యల రైతునూ కలపండి అంటున్నా.

ఇక సుదర్శన చక్రం. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని గారు, 2035కల్లా దేశమంతటికీ రక్షణ కల్పించే పథకం అని ప్రకటించారు. వారం తిరగ్గానే ఒడిశా తీరంలో మన సొంత సమీకృత వాయు రక్షణ వ్యవస్థను పరీక్షించారు. అంతకుముందు ఏప్రిల్‌లో మన కర్నూలు దగ్గర డ్రోన్లను కాల్చే లేజర్‌ను కూడా పరీక్షించారు. నాకు గర్వంగానే ఉంది, మా వీధివాళ్ళ పిల్లలు చేస్తున్న పని ఇది. పేరు కూడా బాగుంది. అయితే ఆ చక్రం ఎవరి చేతిలోదో చూడండి, శిశుపాలుడి తప్పులు నూరు దాకా ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ కూర్చుని ఆ తర్వాత గానీ వదలనివాడి చేతిలోది. వదిలాక తిరిగి చేతికొచ్చేది. మనవి తిరిగి రావు. మియాన్ చన్నుకి పోయినది రాలేదు.

రహస్యాలు బయటపెట్టమని నేను అడగట్లేదు. రాడార్ ఏ ఫ్రీక్వెన్సీలో నడుస్తుంది, ఏ కొండ మీద ఏముంది, గిడ్డంగిలో ఎన్ని మిగిలాయి, ఇవేవీ నాకూ వద్దు, మీ పత్రికకీ వద్దు. తప్పు జరిగిందా, ఎప్పుడు జరిగింది, మళ్ళీ జరక్కుండా ఏం మార్చారు, పోయినవాళ్ళ ఇళ్ళకు ఏం చేశారు, ఈ నాలుగూ చెప్తే పగవాడికి దొరికేదేమీ లేదు. పగవాడికి ఎలాగూ మనకంటే ముందే తెలుస్తుంది, మియాన్ చన్నులో ముక్కలు ఏరుకున్నది వాళ్ళే కదా.

రెండు రాష్ట్రాలకీ కలిపి లోక్‌సభలో 42 మంది ఎంపీలు ఉన్నారు. క్షిపణులు మన ఊళ్ళో తయారవుతాయని ప్రతి సభలో చెప్పుకునేవాళ్ళే. వాళ్ళ పని తేలిక చేద్దామని ప్రశ్న నేనే రాశాను, నక్షత్రపు గుర్తు ప్రశ్నగా అడిగితే మంత్రి గారు సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. ఇదీ ఆ ప్రశ్న:

"2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో జరిగిన హెలికాప్టర్ ప్రమాదంపై విచారణ సంఘం చేసిన సిఫారసులు ఎన్ని, వాటిలో ఈ రోజుకి అమలైనవి ఎన్ని? ఆ ఘటనలో నేల మీద మరణించిన పౌరుడి కుటుంబానికి పరిహారం ఎంత ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు?"

మా ఎంపీ గారికి స్పీడ్ పోస్టులో పంపాను, రసీదు దాచుకున్నాను. ఒక కాపీ వియ్యంకుడు గారికి కూడా ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. జేబులోంచి పెన్ను తీసి, చివర్లో నేను ఒట్టి "ఇచ్చారా" అని రాసినచోట కొట్టేసి "ఎంత ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు" అని దిద్ది ఇచ్చారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
సంతోష్‌నగర్, హైదరాబాద్